మూడో గడి చూడండి

ఈ శీర్షికకు మామూలుగా వచ్చేవి పెన్షను, గ్రాట్యుటీ, ఆదాయపన్ను ఉత్తరాలు. కిందటి సంచికలో మాటవరసకు ‘సైన్సుకు ఎంత ప్రకటించారని కాదు, ఎంత అందిందని అడగండి’ అని ఒక ముక్క రాశాను. అంతే, ఈ నెల వచ్చినవన్నీ సైన్సు ఉత్తరాలే. నేను హైదరాబాద్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో 34 ఏళ్లు అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ల్యాబ్ లోపల ఏం జరుగుతుందో నాకు అంతంత మాత్రమే తెలుసు. బిల్లు ఎందుకు ఆగిందో మాత్రం బాగా తెలుసు. ఆ మేరకే ఈ జవాబులు.

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వం సైన్సు, టెక్నాలజీ, డిజిటల్ రంగాలకు ఏటా ఒక ప్రణాళిక వేస్తుందని మా కోచింగ్ సెంటర్‌లో చెప్పారు. ఆ పుస్తకం ఎక్కడా దొరకడం లేదు. దాని పేరేమిటి మేడమ్?
— గ్రూప్స్ అభ్యర్థి, నల్గొండ

ఆ పేరుతో పుస్తకం లేదు బాబూ, వెతికి అలసిపోకు. జపాన్‌లో అయితే ఏటా జూన్ ప్రాంతంలో ‘సమగ్ర ఇన్నోవేషన్ వ్యూహం’ అని ఒక పత్రం విడుదల చేస్తారు. కృత్రిమ మేధ, క్వాంటమ్, డేటా, యూనివర్సిటీల సంగతి అన్నీ అందులోనే ఉంటాయి. మన దగ్గర పన్నెండో పంచవర్ష ప్రణాళిక 2017 మార్చితో ముగిసింది. వార్షిక ప్రణాళిక అనే మాట కూడా దాంతోనే పోయింది. ప్లాన్, నాన్‌ప్లాన్ అనే విభజనను 2017-18 బడ్జెట్ నుంచి ఎత్తేశారు. మా సెక్షన్‌లో ప్లాన్ ఖర్చుకు ఎర్ర అట్ట రిజిస్టరు, నాన్‌ప్లాన్‌కు నీలం అట్ట రిజిస్టరు ఉండేవి. రెండూ కలిపేశారని తెలిసిన రోజు మా అటెండరు ‘అయితే ఇప్పుడు ఊదా రంగు అట్ట తెప్పించమంటారా మేడమ్’ అన్నాడు.

ఇప్పుడు ఏడాది ప్రణాళిక ఏదంటే, బడ్జెట్ పత్రాలే. ఆర్థిక మంత్రి చదివే ప్రసంగం కాదు, దాంతోపాటు పార్లమెంటు ముందు పెట్టే వ్యయ బడ్జెట్. అందులో శాస్త్ర సాంకేతిక విభాగానికి ఒక పద్దు, బయోటెక్నాలజీకి ఒకటి, సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలలకు డబ్బిచ్చే విభాగానికి ఒకటి, ఎలక్ట్రానిక్స్-ఐటీ మంత్రిత్వ శాఖకు ఒకటి. అంతరిక్షం, అణుశక్తికి మళ్లీ ఎవరి పద్దు వారిదే, రక్షణ పరిశోధన రక్షణ శాఖ పద్దుల్లో ఉంటుంది. ఇచ్చిన డబ్బుతో ఏం సాధిస్తామో శాఖలవారీగా చెప్పే పట్టిక విడిగా ఉంటుంది. దాన్ని చదివేవాళ్లు తక్కువ, రాసేవాళ్లకు కూడా దానిమీద అంత ప్రేమ ఉన్నట్టు నాకు కనిపించదు.

వ్యయ బడ్జెట్‌లో ప్రతి పథకం పేరు ఎదురుగా నాలుగు గడులుంటాయి. మొదటిది, లెక్కలు ముగిసిన ఏడాదిలో నిజంగా ఖర్చయింది. రెండోది, నడుస్తున్న ఏడాదికి మొదట అనుకున్నది. మూడోది, దాన్నే మధ్యలో సవరించుకున్నది. నాలుగోది, వచ్చే ఏడాదికి ఇస్తామంటున్నది. టీవీవాళ్లు నాలుగో గడి చూసి పరుగెడతారు. నువ్వు మూడో గడి దగ్గర కాసేపు కూర్చో.

2023-24 బడ్జెట్‌లో, పరిశోధనలకు నిధులివ్వడానికి అనుకుని అప్పటికి ఇంకా పుట్టని జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు 2,000 కోట్లు రాశారు. మూడో గడిలోకి వచ్చేసరికి అది సుమారు 260 కోట్లయింది. ఎవరూ తినేయలేదు. ఆ ఫౌండేషన్ చట్టం పార్లమెంటులో పాసయిందే 2023 ఆగస్టులో. అమల్లోకి వచ్చింది 2024 ఫిబ్రవరి 5న, అంటే ఆర్థిక సంవత్సరం ముగియడానికి రెండు నెలల ముందు. పునాది పడకముందే గృహప్రవేశం సరుకులు తెచ్చిపెట్టుకున్నారన్నమాట. కృత్రిమ మేధ కోసం పెట్టిన ఇండియా ఏఐ మిషన్‌దీ అదే వరస. 2024-25కు 551.75 కోట్లు అనుకుని 173 కోట్లకు దించారు. ఆ పక్క గడిలోనే 2025-26కు 2,000 కోట్లు రాశారు. పేపర్లలో పడింది 2,000 ఒక్కటే.

ఈ కోత ఎప్పుడు పడుతుందో చెబుతాను, ఇది ఏ గైడులోనూ ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో ఆర్థిక శాఖ ఒక్కో శాఖను పిలిచి కూర్చోబెట్టి ‘ఇప్పటిదాకా ఎంత ఖర్చు పెట్టావు’ అని అడుగుతుంది. రోడ్డు వేసే శాఖ అయితే చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. సైన్సులో ఏప్రిల్‌లో టెండరు మొదలుపెడితే, పరికరం విదేశం నుంచి వచ్చి, బిగించి, పనిచేస్తోందని సంతకం పడి బిల్లు తయారయ్యేసరికి చలికాలం. అక్టోబరులో చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు, కోసేస్తారు. కోసిన సంగతి ల్యాబ్‌కు తెలిసే వేళకు పరికరం ఓడ దిగుతుంది. నా సర్వీసులో ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

పరీక్షలో ‘కేటాయింపు ఎంత’ అని అడిగితే మాత్రం నాలుగో గడే రాయి. మార్కులు దానికే.

ప్రశ్న: నేను పీహెచ్‌డీ రెండో ఏడాది. నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. ఆరు నెలలుగా ఒక్క రూపాయి రాలేదు. మెస్ బిల్లు స్నేహితురాలు కడుతోంది. ఇంట్లో చెప్పలేను, టెన్షన్‌తో పని సాగడం లేదు. వేల కోట్ల ప్రణాళికలో నా 37,000 ఎక్కడ ఆగింది మేడమ్?
— పరిశోధక విద్యార్థిని, తిరుపతి

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఒక మాట, ఇది నీ తప్పు కాదు. ఎవర్నో అడుక్కుంటున్నట్టు కూడా అనుకోకు. 2023 జనవరి 1 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్‌ను 31,000 నుంచి 37,000కు పెంచుతూ ఉత్తర్వు వచ్చినప్పుడు అందరం సంతోషించాం. కానీ ఉత్తర్వు ఒక్కరోజులో వస్తుంది, డబ్బు రావడానికి చాలా చేతులు మారాలి.

పాత పద్ధతిలో ఏడాదికోసారి సంస్థ ఖాతాలో డబ్బు పడేది. దాన్ని ఖర్చుపెట్టి, ‘ఇందుకే ఖర్చుపెట్టాం’ అని వినియోగ ధ్రువపత్రం పంపితే తర్వాతి విడత వచ్చేది. మేం దాన్ని యూసీ అంటాం. ఆ మూడు సంతకాల కాగితం మీద మన దేశ సైన్సు ఎంతగా ఆధారపడి ఉందో చెబితే నమ్మవు. ఒకసారి మా దగ్గర ఒక ప్రాజెక్టులో నలుగురు పిల్లలకు ఎనిమిది నెలలు ఫెలోషిప్ ఆగింది. కారణం, యూసీ మీద ప్రాజెక్టు ఇన్‌చార్జ్ సంతకం లేదు. ఆయన రిటైరై కాకినాడ వెళ్లిపోయారు. కొత్త ఇన్‌చార్జ్ ‘నేను ఖర్చు పెట్టనిదానికి నేనెలా సంతకం చేస్తాను’ అన్నారు. ఆయనన్నదీ సబబే. చివరికి మా అటెండరును రాత్రి బస్సెక్కించి కాకినాడ పంపాం. తెల్లారి ఆరింటికి ఆయన ఇంటి ముందు ముగ్గు వేస్తున్న ఆవిణ్ని ‘సార్ లేచారా అమ్మా’ అని అడిగి, కాఫీ తాగి, మూడు ప్రతుల మీద సంతకం పెట్టించుకుని మళ్లీ రాత్రి బస్సుకు వచ్చేశాడు. బస్సు టికెట్ ఏ పద్దు కింద రాయాలో తెలియక నేనే పెట్టుకున్నాను. మూడు వారాల్లో డబ్బు పడింది. ఆ ఎనిమిది నెలల్లో ఒక కుర్రాడు మానేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరిపోయాడు. అతని లోటు ఏ గడిలోనూ కనిపించదు.

ఇప్పుడు పద్ధతి మారింది. డబ్బు ముందే సంస్థల ఖాతాల్లో పడి ఊరికే ఉండకుండా, ఖర్చు చేసేటప్పుడే కేంద్ర ఖజానా నుంచి దిగేలా జీరో బ్యాలెన్స్ ఖాతాలు తెచ్చారు. ప్రభుత్వం అప్పు తెచ్చిన డబ్బు బ్యాంకుల్లో నిద్రపోకూడదు కదా, ఆ ఆలోచన మంచిదే. అకౌంట్స్ మనిషిగా నేను దానికి ఓటేస్తాను. కాకపోతే పాత పద్ధతిలో సంస్థ దగ్గర నాలుగు రూపాయలు మిగిలి ఉండేవి. పైనుంచి ఆలస్యమైతే డైరెక్టరు ‘ముందు పిల్లలకిచ్చేయండి, తర్వాత సర్దుకుందాం’ అనేవారు. ఇప్పుడు సర్దడానికి చేతిలో ఏమీ లేదు. ఖాతా పోర్టల్‌తో జతకాకపోయినా, ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా ఉన్నా, దెబ్బ నేరుగా నీ మెస్ బిల్లు మీదే పడుతుంది.

నువ్వు చేయాల్సింది: అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి ‘నా ఫెలోషిప్ ఎప్పుడొస్తుంది’ అని అడగకు. ఆ ప్రశ్నకు ‘వస్తుంది’ అనే జవాబు ఉంది. ఈ ఏడాదికి మంజూరు ఉత్తర్వు వచ్చిందా, వస్తే నంబరు, తేదీ ఏమిటి, కిందటేడు యూసీ ఏ తేదీన పంపారు, నా పేరు పోర్టల్‌లో ఎక్కిందా అని అడుగు. అడిగింది ఈమెయిల్‌లో కూడా పెట్టు, మీ గైడ్‌కు కాపీ పెట్టు. ఫైలు ఎక్కడ ఆగిందో తేలాక, అది మీ యూనివర్సిటీ చేతిలో ఉంటే రిజిస్ట్రార్‌కు రాయి. ఢిల్లీ చేతిలో ఉంటే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల సీపీగ్రామ్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. దానికి 21 రోజుల గడువుంది. అక్కడా కదలకపోతే పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు. పైవాళ్లకు కోపమొస్తుందని భయపడుతున్నావేమో. 34 ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని చెబుతున్నాను, తేదీలతో అడిగే పిల్లల ఫైలే ముందు పైకి తీసేవాళ్లం. ఇంట్లో కూడా చెప్పు తల్లీ. కష్టమొచ్చిందని కూతురు చెప్పుకోకపోతే ఇంకెవరికి చెబుతుంది.

ప్రశ్న: 2025-26లో శాస్త్ర సాంకేతిక విభాగం బడ్జెట్ ఒకేసారి మూడున్నర రెట్లు పెరిగిందని చదివాను. మాది నలుగురితో నడిచే చిన్న స్టార్టప్, రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ తయారుచేస్తున్నాం. ఆ డబ్బులో మాకేమైనా వస్తుందా?
— యువ పారిశ్రామికవేత్త, భీమవరం

పెరిగిన మాట నిజం. 2024-25 బడ్జెట్‌లో ఆ విభాగానికి సుమారు 8,029 కోట్లు, 2025-26లో 28,509 కోట్లు. అయితే అందులో 20,000 కోట్లు ఒకే ఒక వరుసలో ఉంది. అది పరిశోధన-అభివృద్ధి-నవకల్పన నిధి, అందరూ ఆర్‌డీఐ అంటున్నది. దాన్ని పక్కన పెట్టి చూస్తే మిగిలింది దాదాపు 8,500 కోట్లు, అంటే పాత లెక్కకు కాస్త అటూ ఇటూ. యూనివర్సిటీలకు, ఫెలోషిప్‌లకు, ల్యాబ్‌లకు వెళ్లేది ఆ మిగిలిందాంట్లోంచే.

ఆర్‌డీఐ మొత్తం లక్ష కోట్ల పథకం. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో మొదట ఆ మాట అన్నారు, 2025 జులై 1న కేబినెట్ ఆమోదించింది, నవంబరు 3న ప్రారంభించారు. మాట అన్నప్పటినుంచి తలుపు తెరిచేదాకా ఇరవై నెలలకు పైగా పట్టింది. ఇది గ్రాంటు కాదు, గుర్తుపెట్టుకోండి. తక్కువ వడ్డీకో, అసలు వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలిక రుణం, లేదా వాటాగా పెట్టే పెట్టుబడి. డబ్బు జాతీయ పరిశోధన ఫౌండేషన్‌లోని ప్రత్యేక నిధికి, అక్కడి నుంచి రెండో స్థాయి ఫండ్ మేనేజర్లకు, వాళ్ల నుంచి కంపెనీలకు. టెక్నాలజీ సంసిద్ధతను కొలిచే తొమ్మిది మెట్లలో కనీసం నాలుగోదానికి, అంటే ల్యాబ్‌లో పనిచేస్తుందని రుజువైన దశకు, వచ్చి ఉండాలి. ప్రాజెక్టు ఖర్చులో మామూలుగా సగం దాకానే ఇస్తారు, మిగతా సగం మీరు చూపించాలి. నలుగురితో నడిచే మీరు ఇప్పుడే ఆ గుమ్మం దగ్గర నిలబడితే కాళ్లు నొప్పులు తప్ప మరేం రాదు.

మీ సైజుకు సరిపోయే పథకాలు వేరే ఉన్నాయి. నమూనా తయారీకి నిధి-ప్రయాస్ కింద 10 లక్షల దాకా గ్రాంటు, గుర్తింపు ఉన్న ఇంక్యుబేటర్ల (కొత్త కంపెనీలకు చోటు, సాయం ఇచ్చే కేంద్రాల) ద్వారా. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో (ఇంకా తెరిచి ఉందో లేదో ముందు కనుక్కోండి) నమూనా దశకు 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్‌కు వెళ్లే దశకు 50 లక్షల దాకా రుణం లాంటిది. మీ రాష్ట్రంలోనే తిరుపతి ఐఐటీలో, సెన్సర్లను, యంత్రాలను కంప్యూటర్లతో కలిపే సైబర్ ఫిజికల్ మిషన్ కింద పెట్టిన టెక్నాలజీ హబ్ ఉంది. ఆ మిషన్‌ను 2018లో 3,660 కోట్లతో మొదలుపెట్టి దేశమంతా 25 హబ్‌లు పెట్టారు. హైదరాబాద్ ఐఐటీలో డ్రైవర్ లేని వాహనాలది, ట్రిపుల్ ఐటీలో డేటాది అలాంటివే. తిరుపతివాళ్లది స్థాననిర్ధారణ, కచ్చిత కొలతల టెక్నాలజీ, మీ సెన్సర్‌కు దూరపు చుట్టమైనా అవుతుంది. వెళ్లేముందు చెరువు గట్టున పనిచేస్తున్న సెన్సర్ వీడియో ఒకటి తీసుకెళ్లండి. ప్రజెంటేషన్ కంటే అదే మాట్లాడుతుంది.

ప్రశ్న: మా ఆయన ప్రొఫెసర్. ఒక చిన్న పరికరం కొనడానికి ఏడాదంతా తిరుగుతారు, మార్చి వచ్చేసరికి ఇంట్లో మా మీద చిరాకు పడతారు. ఇంతకీ ఈ మార్చి గొడవ ఏమిటండీ?
— ఒక గృహిణి, హనుమకొండ

మీ బాధ నాకు అర్థమైంది, మా ఇంట్లోవాళ్లు మార్చిలో నా చిరాకు పడ్డారు! మార్చి 31 రాత్రితో ఆ ఏడాది డబ్బు మురిగిపోతుంది. అందుకని అందరూ చివర్లో ఎగబడతారు. అలా ఎగబడకూడదని, చివరి మూడు నెలల్లో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం మించి ఖర్చు చేయొద్దని ఆర్థిక శాఖ నిబంధన పెట్టింది. నిబంధన బాగానే ఉంది గానీ, డబ్బు మార్చిలో పంపి మార్చిలో ఖర్చు చేయొద్దంటే ఏం చేస్తాం?

ఒక ఏడాది మాకు మార్చి 28న మంజూరు కాగితం వచ్చింది. మూడు రోజుల్లో ఏ పరికరం కొంటాం? రేటు కాంట్రాక్టులో ఉన్నవి, వెంటనే దొరికేవి గాజు సామాన్లే. నలభై అట్టపెట్టెల బీకర్లు కొన్నాం. నిజానికి ఆ ప్రాజెక్టుకు కావలసింది డీప్ ఫ్రీజరు. ఆడిట్ అభ్యంతరం రాలేదు, ఎందుకంటే లెక్క సరిగ్గానే ఉంది. అప్పుడు నేనూ సంతకం పెట్టాను. ఇప్పటికీ ఆ సంతకం గుర్తొస్తే ఇబ్బందిగానే ఉంటుంది.

మీ ఆయనకు ఒక మంచి మాట చెప్పండి. 2025 జూన్‌లో పరిశోధన సంస్థల కొనుగోళ్ల పరిమితులు పెంచారు. కొటేషన్లు లేకుండా కొనగలిగేది లక్ష నుంచి రెండు లక్షలకు, కొనుగోలు కమిటీ ద్వారా కొనేది 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. ప్రత్యేక శాస్త్ర పరికరాలను ప్రభుత్వ ఆన్‌లైన్ బజారులోనే కొనాలన్న పట్టు కూడా సడలింది, వైస్ చాన్సలర్, డైరెక్టరు స్థాయిలోనే అనుమతి ఇవ్వొచ్చు. పదేళ్లలో వచ్చిన పెద్ద పెద్ద మిషన్లన్నిటికంటే ఈ రెండు పేజీల ఉత్తర్వే ఎక్కువ ల్యాబ్‌లను కదిలిస్తుందని నా నమ్మకం. ఇది ఏ ప్రసంగంలోనూ చప్పట్లు కొట్టించుకునే సంగతి కాదు.

ప్రశ్న: చంద్రుడి మీదికి రాకెట్లు పంపే డబ్బుతో ఊళ్లో బడులు కట్టొచ్చు కదా?
— రైతు, ఆత్మకూరు

చంద్రయాన్-3కు అయింది 600 కోట్ల పైచిలుకు. బడులు కట్టడానికి అది ఒక మూలకు కూడా రాదండీ. మీరు అడగాల్సిందే, కానీ ఇంకా పెద్ద గడులున్నాయి, వాటిని అడగండి.

ప్రశ్న: నేను తెలుగు పండితుడిగా రిటైరయ్యాను. ప్రభుత్వం కృత్రిమ మేధకు పదివేల కోట్లు ఇస్తోందట. అందులో తెలుగుకు దక్కేదెంత? యంత్రం రాసే తెలుగు చూస్తే నాకు కడుపు మండుతోంది.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

మాస్టారూ, భాషలవారీగా గడులు కట్టలేదు, కాబట్టి తెలుగుకింత అని విడదీసి చెప్పే అంకె లేదు. ఇండియా ఏఐ మిషన్‌ను 2024 మార్చిలో ఐదేళ్లకు 10,371.92 కోట్లతో ఆమోదించారు. అందులో పెద్ద వాటా కంప్యూటింగ్‌ది. ఏఐ నేర్చుకోవడానికి జీపీయూ అనే ఖరీదైన చిప్‌లు కావాలి. పదివేలు అనుకుని మొదలుపెట్టి 30 వేలు దాటించారు, గంటకు 65 రూపాయల ప్రాంతంలో అద్దెకిస్తున్నారు. మన ఊళ్లలో ట్రాక్టరు అద్దెకు తీసుకున్నట్టే. ఈ విషయంలో ప్రభుత్వం అనుకున్నదానికంటే ఎక్కువే చేసింది, ఒప్పుకోవాలి.

కానీ ట్రాక్టరు ఉంటే సరిపోతుందా, విత్తనం కావాలి. తెలుగుకు ఆ విత్తనమే తక్కువ. అనువాదం కోసం 2022 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ వేదిక భాషిణి తెలుగుతో కలిపి 22 భాషలకు పనిచేస్తోంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతిక పరిశోధన కేంద్రంవాళ్లు ఈ మాటలన్నీ ఫ్యాషన్ కాకముందు నుంచే తెలుగు వాక్యాన్ని యంత్రానికి నేర్పే పనిలో ఉన్నారు. అక్కడికీ, ఇక్కడికీ కావలసింది మీలాంటివాళ్లే. యంత్రం రాసినదాంట్లో ‘ఇది తెలుగు వాక్యం కాదు’ అని గుర్తుపట్టి దిద్దేవాళ్లు. భాషిణిలో మామూలు జనం కూడా గొంతు ఇవ్వడానికి, అనువాదం సరిచూడడానికి ‘భాషాదాన్’ అనే భాగం ఉంది. కడుపు మండుతోందన్నారు కదా, రోజుకు పావుగంట ఆ మంట అక్కడ పెట్టండి. ఇంకో సంగతి, ఆ పని చేసే పండితులకు గౌరవ వేతనం ఏ గడిలో రాశారో నేనూ వెతుకుతున్నాను.

ప్రశ్న: మాది తుళ్లూరు. ఇక్కడ క్వాంటమ్ వ్యాలీ వస్తోంది కదా. కేంద్రం క్వాంటమ్ మిషన్ డబ్బు ఇక్కడికే వస్తోందా? మా అబ్బాయిని బీటెక్‌లో ఏ బ్రాంచిలో చేర్చాలి?
— ఒక తండ్రి

రెండూ వేరు వేరు సంచులండీ. కేంద్రం జాతీయ క్వాంటమ్ మిషన్‌ను 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్లతో, 2030-31 దాకా ఎనిమిదేళ్లకు ఆమోదించింది. దాని నాలుగు హబ్‌లు బెంగళూరు ఐఐఎస్సీలో, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ ఐఐటీల్లో ఉన్నాయి. అమరావతిది రాష్ట్ర ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి ప్రకటించిన ప్రాజెక్టు, 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్ శక్తిని చెప్పే కొలత) ప్రాసెసర్ ఉన్న ఐబీఎం యంత్రం అందులో ముఖ్యం. బ్రాంచి సంగతి నన్ను అడక్కండి, నేను బీకామ్. మా మేనల్లుడు చెప్పింది చెబుతాను: లెక్కలు, ఫిజిక్స్ గట్టిగా ఉంటే ఏ బ్రాంచి అయినా ఫరవాలేదట, బీటెక్‌లో క్వాంటమ్ మైనర్ కోర్సుకు సిలబస్ కూడా వచ్చిందట. బోర్డు మీద క్వాంటమ్ అని రాసుకున్న కాలేజీకి డొనేషన్ కట్టేముందు, ఆ పాఠం చెప్పే మనిషి ఎవరో చూపించమనండి.

ప్రశ్న: మా హైస్కూల్ పిల్లల ఐడియాలకు కేంద్రం 10,000 రూపాయలు ఇస్తుందన్నారు. అటల్ టింకరింగ్ ల్యాబ్ కూడా వస్తుందంటున్నారు. ఒక్క సైన్సు టీచర్‌ని, ఇవన్నీ ఎలా చేయాలి?
— ఫిజికల్ సైన్స్ టీచర్, నారాయణఖేడ్

10,000 ఇచ్చేది ఇన్‌స్పైర్-మనక్. బడి నుంచి ఐదు ఐడియాలు ఆన్‌లైన్‌లో పంపాలి, ఎంపికైతే నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. అక్కడే పొరపాట్లు జరుగుతాయి. బ్యాంకు పుస్తకంలో పేరు, బడి రిజిస్టరులో పేరు ఒకటేనా, ఖాతా పనిచేస్తోందా, ఇవి పిల్లల ఐడియా కంటే ముందు చూడండి టీచర్ గారూ. ఐడియా మాత్రం నెట్‌లోంచి దించనివ్వకండి. మా ఊరి బడిలో ఒక అమ్మాయి, వాళ్లమ్మ పత్తి తీసేటప్పుడు వేళ్లు గీరుకుపోతున్నాయని పాత సైకిల్ ట్యూబుతో వేలి తొడుగు చేసింది. దాని ఖర్చు పది రూపాయలు కూడా కాదు.

టింకరింగ్ ల్యాబ్‌లు, అంటే పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే గదులు, ఐదేళ్లలో 50,000 ప్రభుత్వ బడుల్లో పెడతామని 2025-26 బడ్జెట్‌లో చెప్పారు. అప్పటికి ఉన్నవి పదివేలు. నేను ఒక బడిలో చూశాను. త్రీడీ ప్రింటరు మీద పూల దుప్పటి కప్పి, దాని మీద హాజరు పట్టీలు పెట్టారు. సార్‌ని తప్పుపట్టలేం, వారానికి 36 పీరియడ్లు ఆయనవే. పరికరానికి గడి ఉంది, ఆయన ఖాళీ పీరియడ్‌కు గడి లేదు. ల్యాబ్ వస్తే ముందు మీ హెచ్‌ఎంతో మాట్లాడి టైంటేబుల్‌లో రెండు పీరియడ్లు రాయించుకోండి. ఆ తర్వాతే డబ్బాలు విప్పండి.

ప్రశ్న: జీడీపీలో 2 శాతం పరిశోధనకు అని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఎప్పుడొస్తుంది?
— ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం

2003 సైన్సు విధానంలో, పదో ప్రణాళిక ముగిసేలోపు అన్నారు. అంటే 2007. 2013 విధానంలో మళ్లీ అన్నారు. 2020-21 లెక్క ప్రకారం ఉన్నది 0.64 శాతం. రూపాయల్లో తగ్గలేదు, 2010-11లో 60 వేల కోట్లున్నది పదేళ్లలో లక్షా 27 వేల కోట్లయింది. జీడీపీ అంతకంటే వేగంగా పెరిగింది. దక్షిణ కొరియా 5 శాతం దగ్గరుంది, కానీ అక్కడ నాలుగింట మూడొంతులకు పైగా కంపెనీలే పెడతాయి. మన దగ్గర ప్రైవేటు వాటా 36 శాతం చిల్లర. మీరు ప్రైవేటు ఉద్యోగి కదా, ప్రభుత్వాన్ని అడిగినట్టే మీ కంపెనీ వార్షిక నివేదికలో పరిశోధన ఖర్చు ఎంతుందో ఒకసారి తీసి చూడండి. నేను నా మ్యూచువల్ ఫండ్‌లో ఉన్న పది కంపెనీలవి చూశాను. చూశాక ప్రభుత్వం మీద కోపం కాస్త తగ్గింది.

ప్రశ్న: రిటైరయ్యారు కదా, ఇంకా ఫిబ్రవరి 1న బడ్జెట్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారా? ఎర్ర పెన్సిల్, స్కేలు ఇంకా ఉన్నాయా?
— ఒక పాత పరిచయం, హబ్సిగూడ

చేతిరాత చూడగానే గుర్తుపట్టాను, మీరు స్టోర్స్ విభాగం, నా ఎదురు సీటు మీదే. పెన్సిల్ ఉంది, స్కేలు మనవడు విరగ్గొట్టాడు. ప్రసంగం ఇప్పుడూ వినను. మధ్యాహ్నం భోజనమయ్యాక మూడు శాఖల పేజీలు ప్రింటు తీయించుకుని మూడో గడి కింద గీతలు గీసుకుంటాను.

ఇంతకీ ఆ నలభై అట్టపెట్టెల బీకర్లు, నేను దిగిపోయేనాటికి మెట్ల కింద గదిలో ఉండేవి. ఎవరైనా విప్పారా?